ఒకేచోట పడ్డ పది చుక్కలు

కిందటి వారం మీరు నన్ను ఎక్కడ వదిలి వెళ్ళారో, నేను అక్కడే ఉన్నాను. అదే కుర్చీ. దానికి ఒక కాలు పొట్టి, కింద మడిచిన అట్టముక్క. ఎదురుగా అదే తెర. తెర మీద పక్కపక్కనే రెండు చుక్కలు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒకసారి చెప్పేస్తాను, ఓపిక పట్టండి. నాకు కూడా పెద్ద ఓపిక లేదు. నేను మందుల పరీక్షశాలలో పనిచేస్తాను. మాత్ర మీద వెలుగు వేసి, తిరిగి వచ్చిన వెలుగును గీతగా గీసే యంత్రం నా చేతిలో ఉంటుంది. ప్రతి మందుకూ తనదైన గీత ఒకటి. అసలు మాత్రల గీతలు ముందే యంత్రానికి నేర్పి పెడతాం. తెర మీద ఒక్కో గీతా ఒక్కో చుక్కగా పడుతుంది, గీతలు ఎంత ఒకేలా ఉంటే చుక్కలు అంత దగ్గర. కొత్త మాత్ర గీత వాటికి దగ్గరగా వస్తే పచ్చ దీపం, దూరం జరిగితే ఎర్ర దీపం. ఇంతే నా ఉద్యోగం. ఆఫీసులో అందరూ నన్ను గ్రాఫులమ్మ అంటారు, నా ఎదురుగానే.

పద్దెనిమిది రోజుల కింద ఒక మందుల షాపు పెద్దాయన దగ్గర తీసిన రక్తపోటు మాత్రలకు ఎర్ర దీపం వెలిగింది. నకిలీవని రాసి సంతకం పెట్టాను. ఆయన షాపుకు సీలు పడింది. రేపు పొద్దున పదింటికి విచారణ. నేను నా మాట మీదే నిలబడితే ఆయన లైసెన్సు పోతుంది, ముప్పై ఏడేళ్ళ షాపు పోతుంది. ఇంతలో, ఏడాదిగా అడుగుతున్నా రాని సీసా ఇవాళ పొద్దున వచ్చింది. ఆ మాత్రను తయారు చేసే కంపెనీ వాళ్ళు నేరుగా సీలు వేసి పంపిన సీసా. అంతకన్నా అసలైనది ఈ లోకంలో ఉండదు. పెట్టి చూశాను. ఎర్ర దీపం.

కంపెనీ మాత్ర చుక్క వెళ్ళి పెద్దాయన మాత్ర చుక్క పక్కన కూర్చుంది. అక్కడే కదా కిందటి వారం ఆగాం.

నిజం చెప్తున్నాను, నాకు కోపం రాలేదు. భయం కూడా వెయ్యలేదు. నిద్రొచ్చింది. బల్ల మీద తల పెట్టి ఒక వారం పడుకుంటే ఎంత బాగుండు అనిపించింది.

పెద్దాయన వరండాలో బెంచీ మీద ఉన్నాడు. సీలు పడిన మర్నాటి నుంచి రోజూ వస్తున్నాడు. గొడుగు, మంచినీళ్ళ సీసా, కొనుగోలు బిల్లులున్న ప్లాస్టిక్ కవరు. అరవడు, బతిమాలడు. షాపు లేక చేతులకు పని దొరకక, మేం పారేసిన కాగితాలు చెత్తబుట్టలోంచి తీసుకుని మాత్రల పొట్లాలు మడుస్తూ కూర్చుంటాడు. నేను గీసిన గ్రాఫులన్నీ ఆయన చేతిలో పొట్లాలైపోతున్నాయి.

"అయ్యిందామ్మా?" అన్నాడు నన్ను చూసి.

"ఇంకా చూస్తున్నానండీ."

"చూడండి, చూడండి. నాకేం తొందర? ఇంటికెళ్తే మా ఆవిడ నా మొహం చూస్తుంది. నిన్న అంటుందీ, 'పోనీ మిమ్మల్నే ఎవరైనా మోసం చేసి అమ్మారేమో' అని. అంటే దానికి కూడా నమ్మకం పోయిందన్నమాట." పొట్లం అంచు గోటితో నొక్కాడు. "ఆసుపత్రి స్టోరు చూసే ఆయన నమ్మేవాడమ్మా నన్ను. ఆయన్ని పిలిచి అడగండి రేపు."

"ఎవరాయన?"

"పేరు తెలీదు. పొడుగ్గా ఉంటాడు, నడుముకి తాళాల గుత్తి. నెలనెలా వచ్చేవాడు. ఇదే మాత్ర, నాలుగు అట్టలు. 'అదేంటి బాబూ, మీ స్టోరులో ఊరికే దొరికేది నా దగ్గర కొంటావేం' అని ఒకసారి అడిగా. 'నాన్నకండీ' అన్నాడు."

నేను లోపలికి వచ్చేశాను. ఆ తాళాల గుత్తి చప్పుడు నాకు బాగా తెలుసు. ఆయన మా అన్నయ్య.

నా బల్ల పైన గోడకు ఒక గ్రాఫు అంటించి ఉంటుంది. అంటించింది నేనే. టేపు పసుపు రంగుకు తిరిగిపోయింది. పద్నాలుగు నెలల కింద ఈ మాత్ర గీతను యంత్రానికి నేర్పిన రోజు తీసిన గ్రాఫు అది. నేర్పాలంటే నియమం ఉంది. కంపెనీ నుంచే రావాలి, కనీసం పది వేర్వేరు బ్యాచ్‌లవి కావాలి. మర్నాడు యంత్రం ప్రారంభోత్సవం, రిబ్బను కట్టేశారు, కంపెనీ సీసాలు రాలేదు. అన్నయ్యకు ఫోన్ చేశాను. 'ఎలాగైనా సాయంత్రానికి పది బ్యాచ్‌లు కావాలి అన్నయ్యా, లేకపోతే నా పరువు పోతుంది' అన్నాను. మూడింటికల్లా తనే మోసుకొచ్చి ఇచ్చాడు. పది డబ్బాలు, పది బ్యాచ్ నంబర్లు.

ఆ పది డబ్బాల చుక్కలూ తెర మీద ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సూది మొన దిగే జాగా కూడా లేదు మధ్యలో. నేను మురిసిపోయాను. ఎంత చక్కగా కుదిరిందో అని ఆఫీసంతా చూపించి, అచ్చు తీసి గోడకు అంటించుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అనవలసింది నేనే.

ఒకే చెయ్యి వండినా పది రోజుల కూరలో ఉప్పు పదిరకాలుగా ఉంటుంది. మాత్రలూ అంతే. ఒక రోజు మందు పొడి కాస్త తేమగా ఉంటుంది, ఒక రోజు మర కాస్త గట్టిగా నొక్కుతుంది. పది బ్యాచ్‌లంటే పది చుక్కలు కొంచెం చెదరాలి. చెదరకపోతేనే అనుమానించాలి. గణాంకాలు చదువుకున్న పిల్లలకు మొదటి ఏడాదిలో చెప్పే మాట ఇది. నేను పాఠం కూడా చెప్పాను కొన్నాళ్ళు, సిగ్గులేకుండా.

కంపెనీ వాళ్ళు పంపిన సీసాలో మూడు బ్యాచ్‌లు విడివిడిగా ఉన్నాయి. మూడూ పెట్టి చూశాను. ఆ మూడింటి మధ్య ఉన్న ఎడం, నా గోడ మీది పది చుక్కల మధ్య ఎడానికి ఆరు రెట్లు. తర్వాత ఒకే బ్యాచ్‌లోవి పది మాత్రలు తీసి పెట్టాను. అవి అచ్చం నా గోడ మీద చుక్కల్లాగే ఒకేచోట పడ్డాయి. లెక్క రెండుసార్లు వేశాను, మూడోసారి వెయ్యబుద్ధి కాలేదు. అన్నయ్య ఇచ్చినవి పది బ్యాచ్‌లు కావు. ఒకటే. పాత గీతను దగ్గరగా చూస్తే చెమ్మ తెలిసేచోట ఇంత ఎత్తున ఉబ్బి ఉంది, మందు తెలిసేచోట కుంగిపోయింది. తడిసి, పాతబడి, సగం చచ్చిన మాత్రలు. వాటిని చూపించి 'ఇదే అసలు' అని యంత్రానికి నేర్పాను. అది బుద్ధిగా నేర్చుకుంది. ఏడాదిగా చచ్చిన మాత్రలకు పచ్చ దీపం, బతికున్న మాత్రలకు ఎర్ర దీపం వెలిగిస్తోంది. ఈ మాత్రకు ఎర్ర దీపం వచ్చిన షాపులు పెద్దాయనది కాక ఇంకో రెండున్నాయి. వాళ్ళిద్దరూ ఆఫీసులకు తిరగలేక నోరు మూసుకుని షాపులు మూసుకున్నారు.

కంపెనీ మాత్రలు మూడు విడిగా దాచుకోవాలనిపించింది, సాక్ష్యానికి. చిన్న కవరు కోసం వెతికితే దొరకలేదు. వరండాలోకి వెళ్ళి పెద్దాయన్ని ఒక పొట్లం అడిగాను. ఎందుకని అడగలేదు ఆయన. మాత్రలు తన అరచేతిలో వేయించుకుని, రెండు మడతలు పెట్టి, అంచు లోపలికి దోపి ఇచ్చాడు.

"రేపు పదింటికి కదమ్మా?" అన్నాడు.

"పదింటికే. మీరిక ఇంటికెళ్ళండి."

అవే గీతలు నేర్పిన చేతి యంత్రం ఒకటుంది, తనిఖీలకు తీసుకెళ్ళేది. దాన్ని సంచిలో వేసుకుని ఆసుపత్రికి నడిచాను.

స్టోరు ఆసుపత్రి వెనక వైపు, మెట్లు దిగితే వస్తుంది. గోడల నిండా చెమ్మ. ముందంతా సెలైన్ పెట్టెలు కప్పు దాకా. వాటి మధ్యలో బల్ల, బల్ల మీద టిఫిన్ క్యారియర్, దాని వెనక అన్నయ్య. కిటికీ అవతల జనం చీటీలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఒకామె వరసలోనే కింద కూర్చుని ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి.

"ఏంటే చిట్టీ, ఈ టైములో? తిన్నావా?" అన్నాడు అన్నయ్య. ఇంట్లో నన్ను పిలిచేది అలాగే, నలభై ఆరేళ్ళు వచ్చినా.

"అన్నయ్యా, అప్పుడు నాకిచ్చిన పది డబ్బాలూ ఒకటేనా?"

కాదంటాడని, అరుస్తాడని, దారి పొడుగునా సమాధానాలు సిద్ధం చేసుకుని వచ్చాను. అన్నయ్య కిటికీ తలుపు దగ్గరగా వేసి, ఒక పెట్టె మీద కూలబడ్డాడు.

"ఏడాది నుంచి చూస్తున్నా, ఎప్పుడడుగుతావా అని. అడగలేదు. తెలిసీ ఊరుకున్నావేమో అనుకున్నా."

"తెలిసి ఊరుకుంటానా నేను?"

"ఏమో. నాకెలా తెలుస్తుంది? గ్రాఫు గోడకి అంటించుకున్నావని మీ వదిన చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

తర్వాత చెప్పుకొచ్చాడు. సెలైన్ పెట్టెల వెనక ఈ మాత్రల పెట్టెలు నలభై ఉండిపోయాయట. ముందున్న స్టోరాయన పెట్టి మర్చిపోయాడు, వచ్చాక తనూ చూడలేదు. చూసేసరికి తేదీ దాటిపోయింది. పారేయాలంటే ఎందుకు దాటిందో రాసివ్వాలి, రాసిస్తే ఉద్యోగం పోతుంది. అప్పుడే కొత్త సరుకు రావడం ఆగింది. కిటికీ ముందు వరస మాత్రం ఆగదు. డబ్బాల మీద లేబుళ్ళు కాగితానివే, కొత్త తేదీలు కొట్టి అంటించేశాడు.

"ఒక్కసారే అనుకున్నానే. కొత్త సరుకొచ్చే దాకా. తేదీ దాటితే విషమైపోతుందా ఏంటి?"

"విషం కాదన్నయ్యా. మందు కూడా కాదు."

"నువ్వు పది బ్యాచ్‌లు కావాలన్నావు. నా దగ్గరున్నది ఒకటే. ఫోన్లో ఏడ్చినంత పని చేశావు. సరే అని పది లేబుళ్ళు కొట్టి అంటించా. యంత్రంలో పెట్టగానే పట్టేస్తావు, తిడతావు, అంతటితో అయిపోతుంది అనుకున్నా. నువ్వు పచ్చ దీపం వెలిగించావు. ఇక నాకు భయమే పోయింది. వచ్చిన ప్రతి తనిఖీలోనూ పచ్చ దీపమే."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. దొంగను పట్టాల్సిన నేనే దొంగకు ధైర్యం చెప్పాను. అది కూడా తెలివితక్కువతనంతో. కాళ్ళు పీకుతుంటే నేనూ ఒక పెట్టె మీద కూర్చున్నాను. అవతల ఎవరో కిటికీ తలుపు తట్టారు.

"నాన్నకి మాత్రం బయట కొన్నావు," అన్నాను.

అన్నయ్య తాళాల గుత్తితో ఆడుకుంటున్నవాడల్లా ఆపేశాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం? ఎందుకు కొన్నావు?"

"నాన్న కదే."

"ఆ కిటికీ అవతల ఉన్నవాళ్ళు ఎవరికీ నాన్నలు కారా?"

మళ్ళీ తలుపు తట్టారు. "వస్తున్నానండీ, ఒక్క నిమిషం!" అని అరిచి, గొంతు తగ్గించాడు. "రేపు చెప్పకు చిట్టీ. నా కోసం కాదు. ఆ సంతకాలన్నీ ఎవరివి? నీవి. నేను మునిగితే నువ్వూ మునుగుతావు. ఆ పెద్దాయనకి వయసైపోయింది, ఎలాగూ ఇవాళో రేపో షాపు మూసేవాడే. మిగిలిన ఆరు పెట్టెలూ నేనే పారబోస్తా, ఒట్టు. నెమ్మదిగా నువ్వు యంత్రాన్ని మార్చుకో. ఎవరికీ తెలీదు."

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఒక్క క్షణం సరే అందామనిపించింది. అంత అలసిపోయి ఉన్నాను. తల ఊపి ఇంటికి పోయి పడుకుంటే చాలు. రెండు సంతకాలు, కొత్త గ్రాఫు ఒకటి, అంతా సర్దుకుంటుంది. పెద్దాయన చేత్తో మడిచిన పొట్లం సంచిలో చేతికి తగిలింది. అప్పుడు ఇంకో లెక్క గుర్తొచ్చింది.

"అన్నయ్యా, షాపుకి సీలు పడి పద్దెనిమిది రోజులైంది. నాన్న మాత్రలు ఎక్కడ కొంటున్నావు?"

నాన్న నా దగ్గరే ఉంటాడు. మందులు మాత్రం అన్నయ్య బాధ్యత. ప్రతి ఆదివారం వచ్చి, ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బాలో వారానికి సరిపడా పోసి వెళ్తాడు. అట్టలు నేను ఏనాడూ చూడలేదు.

"వేరే షాపులో."

"ఏ షాపు?"

"నాలుగు షాపులు తిరిగానే," అన్నాడు అన్నయ్య. "నీ ఎర్ర దీపాలకి హడలిపోయి ఈ మాత్ర పెట్టడమే మానేశారు అందరూ. ఎక్కడా లేదు. రెండు వారాలే కదా, ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అని…"

మిగతాది వినలేదు. నాన్న పది రోజులుగా తల బరువుగా ఉందంటున్నాడు. నిన్న స్నానాల గదికి వెళ్తూ గోడ పట్టుకున్నాడు. 'ఎండలు కదా నాన్నా, మజ్జిగ తాగు' అన్నాను నేను, తెర మీంచి తల తిప్పకుండా. మెట్లెక్కుతుంటే వెనక నుంచి అన్నయ్య ఏదో పిలిచాడు. ఆగలేదు.

ఇల్లు చేరేసరికి ఆరుకు ఐదు నిమిషాలు. నాన్న సరిగ్గా ఆరింటికి మాత్ర వేసుకుంటాడు, గడియారం చూసి. ఆయన జీవితమంతా తక్కెళ్ళు బాగుచేశాడు. కొట్టువాళ్ళు తక్కెడ తప్పు చూపిస్తోందని మోసుకొస్తే, తక్కెడ ముట్టుకునేవాడు కాదు. 'ముందు రాయి చూపించు' అనేవాడు. తూకపు రాళ్ళు అరిగిపోయాయేమో తన దగ్గరున్న ఇత్తడి రాళ్ళతో సరిచూశాకే తక్కెడ జోలికి వెళ్ళేవాడు. ఆ ఇత్తడి రాళ్ళు ఇప్పటికీ మా అలమరాలో ఉన్నాయి. నేను రోజూ తుడుస్తాను కూడా.

నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు. ఒళ్ళో ఏడు గదుల డబ్బా, శుక్రవారం గది మూత తెరిచి ఉంది.

"ఆగు నాన్నా!"

"ఏంటమ్మా, అలా రొప్పుతున్నావు?"

మాత్ర ఆయన వేళ్ళలోంచి తీసుకున్నాను. సంచిలోంచి చేతి యంత్రం తీసి, దాని మూతి దగ్గర మాత్ర పెట్టాను. అది ఆలోచించడానికి పది సెకన్లు పడుతుంది. నేను దేవుణ్ణి పెద్దగా తలుచుకోను. ఆ పది సెకన్లూ తలుచుకున్నాను, ఎర్రది రావాలని.

పచ్చ దీపం వెలిగింది.

"ఓహో, పచ్చ వచ్చిందే!" నాన్న సంబరపడ్డాడు. తన కూతురి యంత్రం పనిచెయ్యడం ఆయన చూడటం అదే మొదటిసారి. "మంచిదేగా? ఇటివ్వు, టైమైంది."

"వద్దు నాన్నా."

"పచ్చ వచ్చాక వద్దంటావేంటి?"

పొట్లం విప్పాను. అందులోంచి ఒక మాత్ర తీసి యంత్రం దగ్గర పెట్టాను. ఎర్ర దీపం. ఆ మాత్రను తెచ్చి నాన్న అరచేతిలో పెట్టాను. "ఇది వేసుకో," అన్నాను.

నాన్న అరచేతిలోని ఎర్ర దీపం మాత్రను చూశాడు. గ్లాసు కింద పెట్టి, రెండో చెయ్యి చాపి పచ్చ దీపం మాత్రను కూడా తీసుకున్నాడు. రెండూ తెల్లగా, గుండ్రంగా ఒకేలా ఉన్నాయి. ఆయన తల కొద్దిగా ఊగుతోంది, ఈ పది రోజులుగా ఊగుతున్నట్టే. కానీ కళ్ళు మాత్రం షాపులో తక్కెడ ముందు కూర్చున్నప్పటి కళ్ళే.

"రాయి తప్పా?" అన్నాడు.

"తప్పే నాన్నా."

"ఎవరి దగ్గర తెచ్చుకున్నావు రాయి?"

అప్పుడే మెట్ల మీద తాళాల గుత్తి చప్పుడు వినిపించింది. పరిగెత్తుతున్న చప్పుడు. అన్నయ్య గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది. నన్ను చూడలేదు, నాన్నను కూడా చూడలేదు. ఒళ్ళోని డబ్బాను చూశాడు.

"నాన్న వేసుకున్నాడా?" అన్నాడు.

నాన్న కొడుకు మొహంలోకి చూశాడు. తర్వాత రెండు అరచేతులూ ముందుకు చాపాడు. ఒక దాంట్లో పచ్చది, ఒక దాంట్లో ఎర్రది.

"ఏది వేసుకోమంటావురా?" అన్నాడు.

అన్నయ్య నావైపు తిరిగాడు, చిన్నప్పుడు దెబ్బలు పడే ముందు తిరిగినట్టే. చిన్నప్పుడైతే ఏదో ఒక అబద్ధం నేనే చెప్పేసేదాన్ని. ఇక చెప్పను, రేపు పదింటికైనా సరే. నేను గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆరు దాటి రెండు నిమిషాలైంది.